పొగాకు ముట్టకుండానే నాలుక క్యాన్సర్: పుండు నుంచి కరెంటు దాకా నా అనుభవం

నాకొచ్చింది నాలుక ఎడమ అంచున క్యాన్సర్. ఆపరేషన్, రేడియేషన్ (మన వాడుకలో కరెంటు) అన్నీ అయిపోయి కొన్ని నెలలవుతోంది, తింటున్నా, మాట్లాడుతున్నా, కాసేపు కూర్చుని రాసే ఓపిక కూడా వచ్చింది కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నా. ఈ ఏడాదిలో నన్ను చూసినవాళ్లలో దాదాపు అందరూ అడిగిన మొదటి ప్రశ్న "ఏం అలవాటుండేది?" అని. ఏదీ లేదు. సిగరెట్ లేదు, నమిలే పొగాకు లేదు, మందు లేదు, వక్క కూడా లేదు. మరి ఎందుకొచ్చింది అనేది తెలుసుకోడానికి నాకు ట్రీట్‌మెంట్ అంత కాలం పట్టింది. అందుకే ఇందులో ఆపరేషన్ సంగతులతో పాటు ఆ గొడవ కూడా ఉంటుంది, ఎందుకంటే నన్ను నొప్పి కన్నా ఎక్కువ తినేసింది అదే.

జనవరిలో మొదలైంది. కింది దవడ పళ్లకి ఆనుకుని నాలుక పక్కన చిన్న పుండు, చుట్టూ కొంచెం తెల్లగా. నోటిపూత అందరికీ వచ్చేదే కదా, నాకూ అప్పుడప్పుడు వచ్చి వారం పది రోజుల్లో పోయేది. ఇది పోలేదు. రెండు వారాలు దాటాక డెంటిస్ట్ దగ్గరికి వెళ్లాను. ఆయన పక్క పన్ను అంచు మొనగా ఉంది, అది గీసుకుని ఉంటుందని దాన్ని అరగదీసి నున్నగా చేసి, పూసుకునే జెల్, విటమిన్ మాత్రలు ఇచ్చి రెండు వారాలాగి రమ్మన్నారు. అంతవరకూ ఆయన చేసింది కరెక్టేనని తర్వాత అందరు డాక్టర్లూ అన్నారు. గీసుకునే పన్ను సరిచేసి రెండు వారాలు చూడటం మామూలు పద్ధతేనట. కానీ రెండు వారాలయ్యాక వెళ్తే పుండు అలాగే ఉన్నా "ఇంకో కోర్సు వాడండి" అన్నారు. అక్కడ నాకు మనసొప్పలేదు. నొప్పి పెద్దగా లేదు, అదే నాకు తేడాగా అనిపించింది, మామూలు నోటిపూత అయితే నీళ్లు తాగినా మంట పుడుతుంది, ఇది నెల దాటినా నిమ్మకు నీరెత్తినట్టు అలా కూర్చుంది. మావారు, నేను మాట్లాడుకుని ఓరల్ సర్జన్ దగ్గరికి వెళ్లాం.

ఆయన చూడ్డం కన్నా తడిమి చూడటానికే ఎక్కువ టైమ్ తీసుకున్నారు. గ్లవ్స్ వేసుకుని నాలుక కొనని గాజుగుడ్డతో పట్టుకుని పక్కకి లాగి, పుండుని రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కారు. "అమ్మా, మీ వేలు పెట్టి మీరే చూడండి" అన్నారు. పుండు అడుగున శనగగింజంత గట్టిగా తగిలింది, పక్కనున్న నాలుక మెత్తగా ఉంది, ఆ తేడా ఒక్కసారి చేతికి తెలిశాక మర్చిపోవడం కుదరదు. మెడ కింద గ్రంథులు కూడా తడిమి చూసి, ముక్క తీసి పరీక్షకి పంపాలన్నారు. రెండు మూడు వారాల లెక్క ఎందుకు పెడతారని అప్పుడే అడిగాను. నోటి లోపలి పొర ఒంటి మీది చర్మం కన్నా చాలా స్పీడుగా కొత్తదవుతూ ఉంటుందట, పాత కణాలు రాలిపోతూ కింద నుంచి కొత్తవి వస్తూ ఉంటాయి, అందుకే నోట్లో గాయం తొందరగా మానుతుంది. కారణం తీసేసినా ఆ టైమ్‌లో మానలేదంటే అక్కడ కొత్తగా పుడుతున్న కణాల్లోనే ఏదో తేడా ఉందేమో చూడాలి అన్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ వస్తుంది.

బయాప్సీ అంటే చాలా భయపడ్డాను, కానీ నిజంగా చూస్తే మొత్తం వ్యవహారంలో తేలిగ్గా అయిపోయింది అదే. పళ్లు తీసేటప్పుడు ఇచ్చే లాంటి మత్తు ఇంజెక్షన్, ఆ సూది మాత్రం నాలుకలో గట్టిగానే తెలుస్తుంది, తర్వాత లాగుతున్నట్టు ఉంటుంది తప్ప నొప్పి లేదు. పుండు అంచు నుంచి, పక్కన బాగున్న భాగం కూడా కొంచెం కలిసేలా గింజంత ముక్క తీసి ఫార్మలిన్ సీసాలో వేశారు. సీసా మీద నా పేరు, వయసు, "ఎడమ పక్క" అని సరిగ్గా రాశారో లేదో మావారు చదివి చూశారు, మీరూ చూడండి. రెండు కుట్లు. రెండ్రోజులు చల్లటివి, మెత్తటివి తిన్నాను.

రిపోర్టుకి వారం అన్నారు, ఇంకో రెండు మూడు రోజులు ఎక్కువే పట్టింది. ఆ రోజులు ఎలా గడిచాయో సరిగ్గా చెప్పలేను. పగలు పనిలో పడితే ఫర్వాలేదు, రాత్రిపూట నాలుకతో ఆ కుట్లని తడుముతూ పడుకునేదాన్ని. రిపోర్టులో "మోడరేట్లీ డిఫరెన్షియేటెడ్ స్క్వేమస్ సెల్ కార్సినోమా" అని ఉంది, అంటే క్యాన్సరే, కణాలు మామూలు కణాల పోలిక కొంతవరకే మిగిలిన రకం. నోటి క్యాన్సర్లలో పదికి తొమ్మిది ఈ స్క్వేమస్ రకమేనట, అంటే లోపలి పొరలో ఉండే చదునైన కణాల నుంచి పుట్టేది. నేను ఏడవలేదు, అప్పుడు. మావారు ఏడ్చారు. పెద్ద సర్జన్ గారు కేస్ షీట్ మీద మొదటి పేజీలో "అలవాట్లు" అనే గడి దగ్గర ఆగి, ఒకటికి రెండుసార్లు అడిగి, "ఏవీ లేవు" అని రాశారు. ఇన్సూరెన్స్ ఫారంలో అదే ప్రశ్న. స్కాన్ దగ్గర టెక్నీషియన్ కూడా అదే. చూడ్డానికొచ్చిన బంధువుల్లో ఒకావిడ నన్ను కాకుండా మావారిని పక్కకి తీసుకెళ్లి అడిగింది, "నిజం చెప్పు బాబూ, రహస్యంగా ఏమైనా వాడేదా" అని. ఆ రోజు రాత్రి ఏడ్చాను.

ఆపరేషన్ ముందు ఇంకో చోట కూడా చూపించుకుందామనుకున్నాం. అక్కడ తెలిసిన కొత్త సంగతి ఏంటంటే రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు, వాళ్లు స్లైడ్లు, బ్లాకులు తెమ్మంటారు. స్లైడ్ అంటే ముక్కని పల్చగా కోసి మైక్రోస్కోప్ కింద చూడ్డానికి గాజు పలక మీద పెట్టేది. బ్లాక్ అంటే మన ముక్కని మైనంలో పెట్టి చిన్న ప్లాస్టిక్ డబ్బీలో బిగించి దాచేది. మొదటి ల్యాబ్‌కి లెటర్ రాసిచ్చి, ఐడీ చూపించి, సంతకం పెట్టి తెచ్చుకోవాలి, అప్పటికప్పుడు ఇవ్వరు, మాకు మూడు నాలుగు రోజులు తిప్పారు. మళ్లీ చదివినందుకు వేరే ఫీజు. బయాప్సీ అయిన రోజే అడిగి పెట్టుకుంటే ఈ టైమ్ కలిసొస్తుంది.

అయితే అలా తిరగడం వల్లే నాకు చాలా మేలు జరిగింది. రెండో చోట పాథాలజీ డాక్టరమ్మ "మీ స్లైడ్ చూస్తారా?" అని తన స్క్రీన్ మీద చూపించారు. ఊదా, గులాబీ రంగుల్లో ఉంది. ఒక పక్క, బాగున్న వైపు, కింద వరసలో చిన్నగా గుండ్రంగా కణాలు, పైకి వెళ్లేకొద్దీ చదునుగా అయిపోతూ చక్కగా పొరలు పొరలుగా ఉన్నాయి, కింద ఒక సన్నటి గీత, ఆ గీత దాటి ఏ కణమూ లేదు. ఆవిడ మౌస్ పక్కకి జరిపేకొద్దీ ఆ వరసలు చెదిరిపోయాయి. కణాలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, మధ్యలో న్యూక్లియస్ నల్లగా ఉబ్బి, గీత తెగిపోయి కింద కండలోకి గుంపులు గుంపులుగా దిగిపోయాయి. ఆ గుంపుల మధ్య అక్కడక్కడా గుండ్రంగా ఉల్లిపొరల్లాంటి చుట్టలు, వాటిని కెరటిన్ పెర్ల్స్ అంటారట. పైన పొరలో తయారవ్వాల్సిన కెరటిన్, అంటే గోళ్లలో ఉండే లాంటి గట్టి ప్రోటీన్, లోపల ఎక్కడో దిక్కు తెలీక తయారవుతోంది. నా ఒంట్లో జరుగుతున్నది నేను కళ్లతో చూశాను. భయం వేయలేదు, వింతగా అనిపించింది, కాసేపటికి కళ్లు నిండాయి.

నాకేవీ అలవాట్లు లేవు కదమ్మా మరి ఎందుకొచ్చింది అని అడిగితే ఆవిడ పావుగంట కూర్చోబెట్టి చెప్పారు. నాకు అర్థమైనంత రాస్తున్నా. ప్రతి కణంలోనూ డీఎన్‌ఏ ఉంటుంది, ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాలతో రాసినట్టు, ఒక్క సెట్టులోనే దాదాపు 300 కోట్ల అక్షరాలు, అమ్మ నుంచి ఒక సెట్టు, నాన్న నుంచి ఒక సెట్టు. కణం రెండుగా విడిపోయే ప్రతిసారీ అదంతా మొదటి నుంచి చివరి దాకా ఎత్తిరాసుకోవాలి. ఎంత జాగ్రత్తగా ఎత్తిరాసినా ఎక్కడో ఒక అక్షరం తప్పు పోతుంది, వెంటనే దిద్దే ఏర్పాట్లు కూడా కణంలోనే ఉన్నాయి, అవి ఎంత గట్టివంటే చివరికి మిగిలే తప్పులు వంద కోట్ల అక్షరాలకి ఒకటో అంతకన్నా తక్కువో. ఈ దిద్దుబాటు ఎలా జరుగుతుందో కనిపెట్టినందుకే 2015లో లిండాల్, మోడ్రిచ్, సాంజార్ అనే ముగ్గురికి కెమిస్ట్రీలో నోబెల్ ఇచ్చారట. అయినా మిగిలేవి మిగులుతాయి. ఆ మిగిలిన తప్పే మ్యుటేషన్. అన్నీ ప్రమాదం కావు, ఎక్కువ శాతం ఏమీ చేయవు, పనికిరాని చోట పడి ఊరుకుంటాయి. కానీ కణం ఎప్పుడు విడిపోవాలి, ఎప్పుడు ఆగాలి, పాడైతే ఎప్పుడు చచ్చిపోవాలి అని చెప్పే జీన్‌లో, అంటే డీఎన్‌ఏలో ఆ పని చూసే ముక్కలో, పడితే గొడవ మొదలు.

అలాంటి జీన్లలో పెద్ద పేరు పీ53. డీఎన్‌ఏ దెబ్బతింటే కణాన్ని ఆపి రిపేర్ చేయించేది, రిపేర్ కాకపోతే కణాన్ని చంపేసేది అదే. 1979లో కనుక్కున్నారు, నోరు, గొంతు క్యాన్సర్లలో ఎక్కువ వాటిలో ఇది చెడిపోయే ఉంటుంది. ఇది పోయిందంటే ఆ తర్వాత వచ్చే తప్పుల్ని పట్టుకునేవాళ్లు ఉండరు, కణం పాడైనా బతికేస్తుంది, బతికి విడిపోతుంది, పిల్ల కణాలన్నిటికీ అదే పాడు డీఎన్‌ఏ. పీ16 అనే ఇంకో జీన్ ఉంది, అది కణం విడిపోకుండా ఆపేది, క్యాన్సర్‌గా మారగల నోటి తెల్లమచ్చల్లో అది చాలా ముందే పోతుందట. పైగా ఇలాంటి జీన్లకి సాధారణంగా రెండు కాపీలూ పోతేనే పని ఆగుతుంది, ఒకటి పోతే రెండోది నెట్టుకొస్తుంది, ఈ రెండు దెబ్బల సంగతి 1971లో నడ్సన్ అనే డాక్టర్ పిల్లల కంటి క్యాన్సర్ చూసి చెప్పారు. కాబట్టి ఒక్క రోజులో, ఒక్క పనితో వచ్చేది కాదిది. ఒకే కణం సంతానంలో ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి తప్పులు పేరుకోవాలి.

ఇక్కడే మొదట్లో ఓరల్ సర్జన్ గారు చెప్పిన మాట మళ్లీ గుర్తొచ్చింది. నోటి పొర అంత స్పీడుగా కొత్తదవుతుంది కాబట్టే గాయం తొందరగా మానుతుంది, అంత స్పీడుగా విడిపోతుంది కాబట్టే ఎత్తిరాతలో తప్పులు పడే అవకాశాలూ అన్ని ఉంటాయి. "మీకు పన్ను గీసుకోవడమే కారణమని నేను రాయలేను, దానికి అంత గట్టి ఆధారాల్లేవు. ఎప్పుడూ ఒరిపిడి, వాపు ఉన్న చోట కణాలు ఇంకా ఎక్కువసార్లు విడిపోతాయి, అది తోడై ఉండొచ్చు. ఏ అలవాటూ లేకుండా నాలుక పక్కన వచ్చేవాళ్లని మేం చూస్తూనే ఉంటాం, మీరు చేసిన పని ఏదో వెతికి పట్టుకోవాలని చూడకండి" అన్నారావిడ. ఆ మాట విన్నాక గుండెల మీంచి బరువు దిగిందని చెప్పాలి. క్యాన్సర్ ఉంది, కానీ నేరం లేదు.

స్కాన్లు ఆ వారమే అయ్యాయి. నాలుకకి, మెడకి ఎమ్మారై, ఛాతీకి సీటీ. స్కాన్‌లో స్పష్టంగా కనిపించడానికి కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇస్తారు కాబట్టి ముందు కిడ్నీ పరీక్ష, క్రియాటినిన్, చేయించుకుని వెళ్లాలి, అది లేక మమ్మల్ని ఒకసారి వెనక్కి పంపారు. ఖర్చు గురించి ఒక మాట. అంకెలు రాయను, ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. కానీ ఇన్సూరెన్స్ ఆపరేషన్‌కి ఇచ్చినంత తేలిగ్గా దాని ముందూ వెనకా వాటికి ఇవ్వదు. బయాప్సీ, స్లైడ్లు మళ్లీ చదివించడం, బయట చేయించిన స్కాన్లు, పళ్ల పని, ఇంట్లో వాడే ఫీడింగ్ డబ్బాలు, రోజూ రానూపోనూ ప్రయాణం, ఇవి చేతి నుంచే పోయాయి. ప్రతి బిల్లు ఒరిజినల్ ఒక ఫైల్లో పెట్టమని మా వదిన మొదటి రోజే చెప్పింది, ఆ ఫైల్ వల్ల తర్వాత కొంతైనా వెనక్కొచ్చింది.

ఆపరేషన్ డేట్ మార్చి చివర్లో దొరికింది, రిపోర్టు వచ్చిన దగ్గర్నుంచి మూడు నాలుగు వారాలు. నాలుకలో దాదాపు మూడో వంతు తీయాలి, దాంతో పాటు ఎడమ మెడలో గ్రంథులూ తీయాలన్నారు. స్కాన్‌లో మెడ శుభ్రంగా ఉందన్నారు కదా, మెడ ఎందుకు కోయడం అని నేను గట్టిగానే అడిగాను. అప్పుడు సర్జన్ గారు ముంబై టాటా మెమోరియల్ వాళ్లు 2015లో ప్రచురించిన ట్రయల్ (పేషెంట్లలో రెండు పద్ధతుల్ని పోల్చి చూసిన పరిశోధన) గురించి చెప్పారు. మొదట్లోనే మెడ గ్రంథులు తీసేసినవాళ్లలో మూడేళ్లకి 80 శాతం మంది బతికున్నారు, గడ్డ కనిపించాక తీద్దామని ఆగినవాళ్లలో 67.5 శాతం. నాలుకలోంచి కణాలు మెడలోకి చాలా తొందరగా దిగుతాయి, స్కాన్‌కి దొరకనంత చిన్నగా ఉంటాయి అన్నారు. ఆ అంకెలు విన్నాక ఇంకేం మాట్లాడలేదు.

మెలకువ వచ్చేసరికి ముక్కులో పైపు, మెడలో చేరే నీరు బయటికి లాగే డ్రెయిన్ పైపు దాని చివర చిన్న సీసా, నాలుక నోరంతా నిండిపోయినట్టు వాపు. మాట లేదు. ఒక నోట్‌బుక్, పెన్ను తప్పకుండా పట్టుకెళ్లండి, ఫోన్‌లో టైప్ చేయడం కన్నా అదే నయం, పడుకుని రాయొచ్చు. ఉమ్మి మింగడం కష్టం, సక్షన్ పైపుతో లాగించుకోవాలి, రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. డ్రెయిన్ నాలుగైదు రోజులకి తీశారు. ముక్కు పైపుతో పాలు, మిక్సీ పట్టి వడగట్టిన తిండి సిరంజితో పోసేవారు, ఎక్కువ చిక్కగా ఉంటే పైపు మూసుకుపోతుంది, ప్రతిసారీ చివర్లో నీళ్లు పోసి కడగాలి. దాదాపు రెండు వారాలకి పైపు తీశాక నేను మాట్లాడాలనుకున్న మొదటి మాట "నీళ్లు". రాలేదు. ళ పలకాలంటే నాలుక కొన వెనక్కి మడవాలి, ట, డ, ణ కూడా అంతే, ఇన్నేళ్లుగా నాలుక ఇంత పని చేస్తోందని ఎవరికి తెలుసు. స్పీచ్ థెరపీ మేడమ్ అద్దం ముందు కూర్చోబెట్టి ఒక్కో అక్షరం చేయించారు. ఇప్పుడు ఫోన్‌లో కొత్తవాళ్లకి కూడా అర్థమవుతోంది, అలిసిపోతే మాత్రం ళ జారిపోతుంది.

వార్డులో పక్క బెడ్లవాళ్లతో పరిచయమయ్యాకే మిగతా దార్లు కూడా తెలిశాయి. ఒక పెద్దాయన బుగ్గలో క్యాన్సర్, ఏళ్ల తరబడి పొగాకు ఏ పక్క బుగ్గలో పెట్టుకున్నారో సరిగ్గా అక్కడే వచ్చింది. పొగాకులో నైట్రోసమైన్లు అని ఉంటాయి, ఒంట్లోకెళ్లాక మారి డీఎన్‌ఏకి అతుక్కుపోతాయి, అతుక్కున్న చోట ఎత్తిరాసేటప్పుడు తప్పక్షరం పడుతుంది. పొగలో ఉండే బెంజోపైరీన్ అయితే జీ అనే అక్షరాన్ని పట్టుకుని అక్కడ టీ పడేలా చేస్తుంది, ఆ గుర్తు చూసి ఇది పొగ చేసిన పని అని చెప్పగలిగేంత స్పష్టంగా ఉంటుందట. అంటే నాలో దానంతటదే అప్పుడొకటి అప్పుడొకటి పడే తప్పులు, ఆయనలో పూటపూటకీ కావాలని వేయించినట్టు పడ్డాయి. ఆయన దాని గురించి ఏమీ దాచలేదు, చదువుకోని వయసులో పనిలో నిద్ర రాకుండా మొదలైందట, మానడానికి చాలాసార్లు చూశారట. ఆయన్ని కూడా అందరూ నన్ను అడిగిన ప్రశ్నే అడిగేవారు, ఇంకా గట్టిగా, తిట్టినట్టు. నాకది అస్సలు నచ్చలేదు. అలవాటున్న మనిషికి నొప్పి తక్కువుంటుందా?

ఇంకొకావిడకి నోరు రెండు వేళ్లు కూడా పట్టనంతగా బిగుసుకుపోయింది, ఆవిడ నమిలింది వక్క మాత్రమే, అందులో పొగాకు లేదు కాబట్టి ఏం కాదనుకున్నారంతా. వక్కలో అరెకోలిన్ అనేది బుగ్గ లోపల పొర కింద నారలు పెంచేసి గట్టిగా చేసేస్తుంది, సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు, అలా అయిన నోట్లో క్యాన్సర్ వచ్చే అవకాశం బాగా ఎక్కువ. పొగాకు లేకపోయినా వక్క క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే మొదటి గ్రూపులో పెట్టింది, సిగరెట్ ఉన్న గ్రూపు అదే. ఇది నేను వార్డుకి వచ్చేవరకూ నాకూ తెలీదు, తెలిసిన దగ్గర్నుంచి అందరికీ చెప్తూనే ఉన్నా.

మందు సంగతి డ్యూటీ డాక్టర్ చెప్పారు. ఆల్కహాల్ ఒంట్లో అసిటాల్డిహైడ్‌గా మారుతుంది, నోట్లో ఉండే బ్యాక్టీరియా కూడా అక్కడికక్కడే మార్చేస్తాయి, అది డీఎన్‌ఏని పాడుచేస్తుంది. పొగాకు, మందు రెండూ ఉంటే ప్రమాదం కూడికలా కాదు, దాదాపు గుణకారంలా పెరుగుతుందన్నారు. కుర్రాడొకడు టాన్సిల్ క్యాన్సర్‌తో వచ్చాడు, వాడికి హెచ్‌పీవీ 16 అనే వైరస్. ఆ వైరస్ జీన్‌లో అక్షరం మార్చదు, ఈ6 అనే ప్రోటీన్ తయారుచేసి మన పీ53ని ముక్కలు చేయిస్తుంది, ఈ7తో ఇంకో కాపలా ప్రోటీన్‌ని కట్టేస్తుంది. నాకూ ఆ టెస్ట్ చేయించండి అని అడిగితే, అది ఎక్కువగా టాన్సిల్, నాలుక మొదలు దగ్గర వచ్చేవాటికి, మీది ముందు భాగం, మీ ట్రీట్‌మెంట్ దానివల్ల మారదు, డబ్బు దండగ అన్నారు. వద్దని చెప్పే డాక్టర్ దొరకడం కూడా అదృష్టమే.

ఫైనల్ పాథాలజీ రిపోర్టు ఏప్రిల్ రెండో వారంలో వచ్చింది. గడ్డ 2.2 సెంటీమీటర్లు, లోతు 7 మిల్లీమీటర్లు, అంచులు శుభ్రం, అంటే కోసిన చోట క్యాన్సర్ మిగల్లేదు, కానీ మెడలో ఒక గ్రంథిలో ఉంది. స్కాన్‌కి దొరకనిదే. గ్రంథి గోడ దాటి బయటికి రాలేదు కాబట్టి కీమో అక్కర్లేదు, కరెంటు మాత్రం పెట్టాలి అన్నారు. స్టేజ్ మూడు అని విన్నప్పుడు కాళ్లు వణికాయి, పుండు పట్టుమని రెండు సెంటీమీటర్లు, మూడో స్టేజా అని. మెడలో ఒక్క గ్రంథికి పాకినా లెక్క అలా మారుతుందట.

రేడియేషన్ కన్నా ముందు పళ్ల డాక్టర్ దగ్గరికి పంపుతారు, ఇది ఎవరూ ముందు చెప్పలేదు. కరెంటు పడిన దవడ ఎముకకి రక్తం తగ్గిపోతుంది, తర్వాత పన్ను పీకితే గాయం మానక ఎముక పాడయ్యే ప్రమాదం ఉంది, కాబట్టి పాడైన పళ్లేమైనా ఉంటే ముందే తీసేయాలి, తీశాక మానడానికి రెండు వారాలైనా ఇవ్వాలి. నావి రెండు తీశారు. ఇంకోపక్క ఆపరేషన్ అయిన ఆరు వారాల్లోపు రేడియేషన్ మొదలెట్టాలంటారు. ఈ రెండూ సరిపెట్టుకోవడంలో చాలా కంగారు పడ్డాం. మీకు నోటి ఆపరేషన్ అనగానే పళ్లు కూడా చూపించేసుకోండి.

ముఖానికి మాస్క్ చేస్తారు, వేడినీళ్లలో మెత్తబడిన వల లాంటి షీట్ మొహం మీద పరిచి భుజాల దాకా నొక్కుతారు, గట్టిపడ్డాక అదే రోజూ బల్లకి బిగిస్తారు. కదలకూడదు. వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. మెషీన్ మీద ఉండేది పది పదిహేను నిమిషాలే, వెయిటింగే గంట రెండు గంటలు. మొదటి రెండు వారాలు ఏమీ అనిపించదు, అందరూ చెప్పేంత లేదే అనుకుంటాం, మూడో వారం నుంచి నోరంతా పూసి, ఉమ్మి జిగటగా తాడులా సాగి, రుచి పూర్తిగా పోయింది. మంచినీళ్లు కూడా మండేవి. తినే ముందు మత్తు మందుతో పుక్కిలించి, ఆ కాసేపట్లో గబగబా మింగేదాన్ని. ఐదో వారంలో మళ్లీ ముక్కు పైపు పెట్టారు. అక్కడ మాత్రం నేను బాగా కుంగిపోయాను, చాలు ఆపేద్దాం అన్నాను. టెక్నీషియన్ అమ్మాయి మాస్క్ బిగిస్తూ "మధ్యలో ఆపితే మిగిలిన కణాలు మళ్లీ విడిపోడానికి టైమ్ ఇచ్చినట్టే అమ్మా" అంది. అదే డీఎన్‌ఏ లెక్క ఇక్కడా, కరెంటు చేసేది క్యాన్సర్ కణం డీఎన్‌ఏని రిపేర్ కానంతగా విరగ్గొట్టడం, మంచి కణాలు రాత్రికి రాత్రి కొంత దిద్దుకుంటాయి, క్యాన్సర్ కణాలకి ఆ దిద్దుబాటు సరిగ్గా లేదు. స్పీడుగా విడిపోయే నా నోటి పొరే ముందు దెబ్బతింది, అందుకే ఈ పూత. అర్థమైతే నొప్పి తగ్గలేదు కానీ మర్నాడు వెళ్లగలిగాను.

జూన్ రెండో వారంలో అయిపోయింది. అయిపోయాక కూడా రెండు వారాలు ఇంకా పెరిగి అప్పుడు తగ్గింది, దానికి సిద్ధంగా ఉండండి. రుచి రెండు మూడు నెలలకి కొంచెం కొంచెంగా వచ్చింది, తీపి అన్నిటికన్నా ఆలస్యంగా.

ఆ మధ్యలోనే మా అమ్మాయి ఒకరోజు అడిగింది, "అమ్మా, నాకూ వస్తుందా?" అని. ఎన్ని రోజుల నుంచి మనసులో పెట్టుకుందో. చెకప్‌కి తనని తీసుకెళ్లి డాక్టర్ గారి చేతే చెప్పించాను. నా నాలుకలో ఒక చోట కణంలో పుట్టిన మ్యుటేషన్లు ఆ కణం పిల్లలకే వెళ్తాయి తప్ప నా పిల్లలకి కాదు, అవి అండంలో లేవు. ఫ్యాంకోనీ ఎనీమియా లాంటి అరుదైన పుట్టుక జబ్బుల్లో డీఎన్‌ఏ రిపేరే వంశంలో లోపంగా ఉంటుంది, వాళ్లకి నోటి క్యాన్సర్ చిన్న వయసులో వస్తుంది, మా ఇంట్లో అలాంటిదేమీ లేదు. అది విని తను గట్టిగా ఊపిరి వదిలింది, ఆ రోజు నుంచి నా పక్కన పడుకోవడానికి మళ్లీ వస్తోంది.

ఇప్పుడు రెండు నెలలకోసారి చెకప్. నాలుక ఒక్కటే కాదు, నోరంతా అద్దం పెట్టి చూస్తారు, ఎందుకంటే ఒక చోట క్యాన్సర్ వచ్చిన నోట్లో చుట్టుపక్కల పొర పైకి బాగున్నా లోపల కొన్ని మార్పులు అప్పటికే ఉండొచ్చు, 1953లోనే స్లాటర్ అనే డాక్టర్ దీన్ని గమనించి రాశారట. నేనూ నెలకోసారి లైట్ కింద అద్దంలో చూసుకుంటున్నా, నాలుక గుడ్డతో పట్టుకుని రెండు పక్కలా, కింద, బుగ్గల్లో, చిగుళ్ల దగ్గర, వేలుతో తడిమి కూడా. భుజం ఇంకా పూర్తిగా పైకి లేవదు, మెడ ఆపరేషన్‌లో భుజం నరం కదిలిస్తారు కాబట్టి ఫిజియోథెరపీ ఇంటికొచ్చిన వారం నుంచే మొదలెట్టాలి, నాకు అది నెల ఆలస్యంగా చెప్పారు. నోరు తెరిచే ఎక్సర్‌సైజ్ రోజుకి మూడు నాలుగు పూటలు, ఐస్‌క్రీమ్ పుల్లలు పళ్ల మధ్య ఒకదాని మీద ఒకటి పేర్చి ఎన్ని పడుతున్నాయో చూసుకుంటా. ఉమ్మి తక్కువ కాబట్టి పళ్లు పుచ్చకుండా రాత్రిపూట ఫ్లోరైడ్ జెల్, పక్కన నీళ్ల సీసా. మెడకి కరెంటు పడినవాళ్లకి థైరాయిడ్ తగ్గొచ్చు, అందుకని ఆర్నెల్లకోసారి టీఎస్‌హెచ్ చూడాలన్నారు, నాది వచ్చే నెలలో ఉంది, మీ డిశ్చార్జ్ కాగితంలో ఆ టెస్ట్ రాసి లేకపోతే అడిగి రాయించుకోండి.